గిన్నెలో మిగిలిన నీళ్ళు

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇల్లు. ఆదివారం పొద్దున పది గంటలు. మామ ఇరవై ఏడేళ్ళు గల్ఫ్ గ్యాస్ ప్లాంట్లలో ఫీల్డ్ ఆపరేటరుగా చేసి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. మేనకోడలు ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో కెమికల్ చదివి, చిత్తూరు వైపు ఒక బయోగ్యాస్ ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేస్తోంది. వంటింట్లో ఆర్వో మిషన్‌కు ముందుండే ఫిల్టరులో క్యాండిల్ మార్చే పని తను చేస్తానంది. ప్లాస్టిక్ స్పానరు పట్టి ఒక్క తిప్పు తిప్పింది. గిన్నె ఊడి, ఒరిగి, నీళ్ళన్నీ కిందున్న బియ్యం మూట మీద పడ్డాయి. వాదన అక్కడ మొదలైంది.

మామ: కింద బియ్యం మూట ఉండాదని చూసుకోవద్దా పాపా?

కోడలు: ముప్పాతిక లీటరు నీళ్ళకు ఇంత రాద్ధాంతమా మామా? మూట జరిపి గుడ్డతో తుడిస్తే సరి. కొళాయి కట్టేశాను కదా.

మామ: కొళాయి కట్టేస్తే వచ్చే నీళ్ళు ఆగుతాయి. ఉండే నీళ్ళు యాడికి పోతాయి? పైన ఎర్ర బటన్ ఉండాది, అది నొక్కి ప్రెషరు తీయలేదు. కింద బేసిన్ పెట్టలేదు. మీ ప్లాంటులో కూడా ఇట్లనే విప్పుతారా?

కోడలు: అక్కడి గిన్నె ఇంత చిన్నది కాదులే. రెండడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు. లోపలి కార్ట్రిడ్జులు పోను నాలుగొందల లీటర్లు నిలుస్తుంది.

మామ: ఆ నాలుగొందల లీటర్లు యాడికి పోతాయి? ఇదొక్కటి చెప్పు, ఇంకేమీ అడగను.

కోడలు: అడక్క మానవు. మొదటినుంచి చెప్తా, అత్త కూడా వింటోంది. మాకు వచ్చేది పేడ, కోళ్ళఫారం ఎరువు, సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల తొక్క. మూసిన తొట్టిలో అది మురిగితే గ్యాస్ వస్తుంది. అందులో మీథేన్ నూటికి యాభై ఐదో అరవయ్యో. మిగతాది దాదాపు అంతా బొగ్గుపులుసు వాయువే. దాంతోపాటు కుళ్ళిన కోడిగుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్. బండ్లలో నింపాలంటే ఐఎస్ 16087 ప్రమాణం ఉంది: మీథేన్ 90 శాతానికి తగ్గకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఘనమీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకే ఎమీన్ ద్రావణం వాడతాం. ఎండీఈఏ అనే మందు 45 పాళ్ళు, నీళ్ళు 55 పాళ్ళు. అది ఒక టవర్లో పైనుంచి దిగుతూ ఆ రెండు వాయువుల్నీ పట్టుకుంటుంది. ఇంకో టవర్లో కాచితే వదిలేస్తుంది. చల్లారి మళ్ళీ మొదటికి వస్తుంది.

మామ: తిరుత్తణికి కావిడి మోసినట్టు. పోయేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ. బరువుతో ఉంటే రిచ్ ఎమీన్, దించేసి వస్తే లీన్ ఎమీన్. 1930లో అమెరికాలో బాటమ్స్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు ట్రైఇథనాలమీన్, ఆ తర్వాత మోనో, డై, ఇప్పుడు మీ ఎండీఈఏ. కావిడి అదే, మోసేవాళ్ళు మారినారు.

కోడలు: తిరిగి తిరిగి ఆ ద్రావణంలో తుప్పు చేరుతుంది, నల్లటి ఐరన్ సల్ఫైడ్ పొడి చేరుతుంది. తీయకపోతే టవర్లో గంజి పొంగినట్టు నురగ పొంగి, గ్యాస్‌తోపాటు ఎమీన్ కూడా కొట్టుకుపోతుంది. అందుకని తిరిగే దాంట్లో పదో ఇరవయ్యో శాతాన్ని ఫిల్టరు గుండా మళ్ళిస్తాం. కార్ట్రిడ్జులు మూసుకుపోయేకొద్దీ ముందు వెనకల ప్రెషరు తేడా పెరుగుతుంది. ఒక బార్ దాటితే మారుస్తాం. మాకు నెలకోసారి పడుతుంది. నీ ప్రశ్నకు జవాబు: రెండు వైపులా వాల్వులు కట్టేసి కింద డ్రెయిన్ తెరుస్తాం. కాలువలో పడుతుంది. కాలువ ఈటీపీకి, అంటే మురుగునీటి శుద్ధి యూనిట్‌కి పోతుంది.

మామ: మందు కొనేది, వాడేది, కాలువలో పోసేది. బాగుండాది.

కోడలు: వెక్కిరించే ముందు నా మాట విను. ప్లాంటు మొత్తంలో మురికంతా చేరే చోటు ఏది? ఆ ఫిల్టరు గిన్నే. నలకలు తీయడానికి ఫిల్టరు పెట్టి, ఆ నలకల నీళ్ళనే మళ్ళీ లోపల పోయమంటావా? పైగా బకెట్లలో పట్టి పోస్తే గాలి తగులుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో ఎమీన్ చెడి ఆమ్లాలు పుడతాయి. అవి ఎమీన్‌తో కలిసి ఉప్పులవుతాయి. ఆ ఉప్పులు ఎంత కాచినా విడిపోవు, ఇనుమును తింటాయి. ఇనుము తింటే మళ్ళీ తుప్పు, మళ్ళీ ఫిల్టరు. విరిగిన పాలను మంచి పాల తపేలాలో కలపమన్నట్టుంది నీ సలహా.

మామ: నేనింకా సలహా ఇవ్వలేదు, లెక్క అడుగుతా ఉండా. నెలకు నాలుగొందలు అంటే ఏడాదికి ఎంత?

కోడలు: 4,800 లీటర్లు. అందులో అసలు మందు రెండు టన్నులకు పైనే.

మామ: మీ రిజిస్టర్‌లో దాన్ని ఏమని రాస్తారు?

కోడలు: మేకప్ అని. తగ్గినంత కొత్త మందు పోశామని.

మామ: అంటే గ్యాస్‌తో కొట్టుకుపోయిందో, కాలువలో పోశారో ఆ కాగితం చెప్పదు. మీ ఓనరు టవర్లో నురగను తిట్టుకుంటా ఉంటాడు. డబ్బు సంగతి ఆయప్పకు వదిలేస్తా. ఈటీపీ సంగతి నువ్వు చెప్పు, చదువుకున్నదానివి.

కోడలు: చెప్తా, దాచను. లీటరు ద్రావణంలో మందు 470 గ్రాముల దాకా ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆక్సీకరించడానికి 800 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే సీఓడీ లీటరుకు ఎనిమిది లక్షల మిల్లీగ్రాములు. చెరువుల్లో, ఏటిలో వదిలే నీటికి ఉన్న హద్దు 250. ఒక్క లీటరును ఆ హద్దుకు తేవాలంటే మూడు వేల లీటర్లకు పైగా మంచినీళ్ళు కలపాలి. నాలుగొందల లీటర్లకు పదమూడు లక్షల లీటర్లు.

మామ: ఎండాకాలంలో మన వీధికి వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే?

కోడలు: 260 ట్యాంకర్లు. అయితే ఇది కాగితం లెక్క మామా. మధ్యలో ఈటీపీలో సూక్ష్మజీవులు ఉంటాయి, అవి తింటాయి. కొద్దికొద్దిగా పెడితే ఎమీన్ కూడా అలవాటు చేసుకుంటాయి.

మామ: మామిడి గుజ్జు కడిగిన నీళ్ళు వాటికి పండగ భోజనం. ఒక్క పూటలో నాలుగొందల లీటర్ల మందు గుమ్మరిస్తే?

కోడలు: చచ్చిపోతాయి. బతికినవి తిన్నా అందులోని నత్రజని అమ్మోనియాగా మిగులుతుంది. అందుకే పక్క ట్యాంకులో పట్టి ఉంచి, రోజుకు కొంచెం వదలమని మా పద్ధతుల పుస్తకంలో ఉంది.

మామ: ఉంచుతారా?

కోడలు: ఉంచాలని రాసి ఉంది.

(వంటింట్లోంచి అత్త నవ్వు వినిపించింది.)

మామ: సరే. ఇప్పుడు ప్రాణాల సంగతి. మూత విప్పేది ఎవరు?

కోడలు: కాంట్రాక్టు కుర్రాళ్ళు ఇద్దరు. నేను పక్కనే ఉంటా. నీ ప్రశ్న ఎటు పోతోందో నాకు తెలుసు. మా ఫిల్టరు లీన్ వైపు ఉంది. కావిడి దించేసి వచ్చిన ఎమీన్. అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా నామమాత్రం. రిచ్ వైపు ఫిల్టరు విప్పే ప్లాంట్ల భయం మాకు పెట్టొద్దు.

మామ: కాచే టవర్‌కి ఆ రోజు ఆవిరి సరిగ్గా అందకపోతే? కావిడి సగమే దించి వస్తుంది. పేరు లీన్, లోపల బరువు అట్లనే ఉంటుంది. మీ గ్యాస్‌లో అది ఎంత?

కోడలు: కోళ్ళ ఎరువు ఎక్కువైన రోజు రెండు మూడు వేల పీపీఎం. పది లక్షల పాళ్ళలో మూడు వేలు.

మామ: మనిషికి ఎంత చాలు?

కోడలు: పది పీపీఎం దాటిన చోట ఎనిమిది గంటలు పనిచేయకూడదు. వంద దగ్గర ప్రాణాపాయం కిందే లెక్క. ఆ పైన ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. ఐదొందలు దాటితే స్పృహ తప్పుతారు. వెయ్యి అయితే ఒకటి రెండు శ్వాసలు.

మామ: వాసన రాలేదంటే లేదనుకునేవాడే ముందు పోతాడు. గాలికంటే బరువు కూడా. కింద కాలువలో, గుంతలో పేరుకుంటుంది. డ్రెయిన్ దగ్గర కూచుని బకెట్ పట్టే పిల్లోడి ముక్కు ఆ ఎత్తులోనే ఉంటుంది. పలమనేరు మండలం మొరం మరిచిపోయినావా? 2018 ఫిబ్రవరి 16. హేచరీలో మురుగు ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు పోయినారు. అదేమన్నా గ్యాస్ ప్లాంటా? మురిగిన నీళ్ళు, మూసిన చోటు, అంతే.

కోడలు: మరిచిపోలేదు. పూతలపట్టు దగ్గర పాల డెయిరీలో అమ్మోనియా లీకై ఆడపనివాళ్ళు ఆసుపత్రి పాలైనప్పుడు, 2020 ఆగస్టులో, నేను కాలేజీ చదువులో ఉన్నాను. ఆ రాత్రి మా క్లాసువాళ్ళం అందరం ఫోన్లు పట్టుకునే కూచున్నాం. నాకు భయం లేదనుకోకు. కానీ నీ భయానికి మందు ఏది? గాలి బదులు నైట్రోజన్‌తో తోయమంటావు. నైట్రోజన్‌తో గిన్నె ఖాళీ చేసి మూత తీసి తల లోపల పెడితే ఏమవుతుంది? ఆక్సిజన్ ఉండదు. రెండు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. కుళ్ళిన గుడ్డు కనీసం మొదట్లో హెచ్చరిస్తుంది. నైట్రోజన్ అదీ చేయదు.

మామ: నిజమే. మా దగ్గర దాంతో పోయినవాళ్ళ కథలు ట్రైనింగులో మొదటి రోజే చెప్పేవాళ్ళు. అందుకే తల పెట్టే పని వద్దు. కార్ట్రిడ్జులు పైనుంచి కొక్కెంతో తీయి, గ్యాస్ కొలిచే మీటరు తాడుకు కట్టి దించు. నైట్రోజన్ ప్రమాదమని ఎమీన్‌ను కాలువలో పోస్తావా? రెండింటికీ సంబంధం లేదు.

కోడలు: సరే, నీ పద్ధతి చెప్పు. అడుగడుగూ చెప్పు, నేను తప్పులు పడతా.

మామ: మొదట లోపలికి వచ్చే వాల్వు ఒక్కటే కట్టు. బయటికి పోయేది తెరిచే ఉంచు. పైనుంచి నైట్రోజన్ మెల్లగా వదులు. ద్రావణం యాడికి పోతుంది?

కోడలు: కార్ట్రిడ్జుల గుండా... ఎప్పుడూ పోయే దారిలోనే. అంటే వడకట్టుకునే వెళ్తుంది.

మామ: అదీ. మురికి నీళ్ళు వెనక్కి పోయమని నేనెప్పుడు అన్నా? పోయే నీళ్ళు చివరి చుక్క దాకా వడకట్టుకునే పోతాయి. గాలి తగలదు, బకెట్ లేదు. మీవాళ్ళు డ్రెయిన్ తెరిచి వెనక్కి లాగేస్తా ఉండారు. అప్పుడు కార్ట్రిడ్జి మీద పట్టిన నల్ల పొర ఊడి నీళ్ళలో కలుస్తుంది. మురికిని మీరే చేసి, మురికిగా ఉందని పారబోస్తా ఉండారు.

కోడలు: ఇది ఒప్పుకుంటా. కానీ కార్ట్రిడ్జుల్లో నుంచి నైట్రోజన్ దూరి పోయాక? కింద అడుగున ఒక జానెడు నీళ్ళు మిగులుతాయి. కార్ట్రిడ్జి దారాల్లో ఇంకినవి మిగులుతాయి. మొత్తం అరవై డెబ్బై లీటర్లయినా ఉంటాయి.

మామ: వాటికి మూసిన డ్రెయిన్ లైను, భూమిలో సంపు, సంపు మీద నైట్రోజన్ దుప్పటి. అక్కడినుంచి చిన్న పంపుతో ఇంకో ఫిల్టరు గుండా మళ్ళీ సిస్టమ్‌లోకి. పెద్ద ప్లాంట్లన్నిటిలో అట్లనే.

కోడలు: చూశావా, పెద్ద ప్లాంట్లు అన్నావు! మాకు సంపు లేదు. మా ప్లాంటు మొత్తం ఖర్చు నువ్వు పనిచేసిన చోట ఒక పంపుల షెడ్డు ఖర్చంత ఉండదు. ఇంకో సంగతి. అడుగున మిగిలేది నీళ్ళు కాదు, షూ పాలిష్ లాంటి నల్లటి ముద్ద. దాన్ని సంపులో వేసి మళ్ళీ లోపలికి తోస్తే, కొత్త కార్ట్రిడ్జులు ఎన్నాళ్ళు వస్తాయి?

మామ: (కాసేపు ఊరుకుని) రెండు రోజులు.

కోడలు: ఎట్లా తెలుసు?

మామ: మేమూ చేసినాం కాబట్టి. సంపు నిండిందని ఒక రాత్రి మొత్తం వెనక్కి తోసినాం. పొద్దునకు ప్రెషరు తేడా సగం పెరిగింది. రెండో రోజు మళ్ళీ మూత విప్పినాం. నువ్వు చెప్పేది ఈ ఒక్కచోట నిజం. అడుగు ముద్ద వెనక్కి పోకూడదు. దాన్ని వేరే డ్రమ్ములో పట్టి, మూత బిగించి, ప్రమాదకర వ్యర్థం కింద పంపాల్సిందే.

కోడలు: రాసిపెట్టుకుంటా, మామ ఒప్పుకున్న తారీఖు.

మామ: రాసుకో. ఇంకోటి కూడా రాసుకో. ఆ ముద్ద డ్రెయిన్‌లో గడ్డ కడుతుంది. వాల్వు తెరుస్తావు, నాలుగు చుక్కలు పడి ఆగిపోతాయి. పిల్లోడు ఖాళీ అయిందంటాడు. ఖాళీ కాలేదు పాపా, మూసుకుపోయింది. లోపల ప్రెషరు అట్లనే ఉండాది. మావాడొకడు తీగ పెట్టి పొడిచినాడు. గడ్డ ఊడి మొహం మీదికి చిమ్మింది. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కళ్ళు మిగిలినాయి. పైన వెంట్ తెరిచి గాలి పీలుస్తుందా చూడు. అద్దం గొట్టంలో మట్టం చూడు. రెండూ సరిపోతేనే బోల్టు మీద చెయ్యి వెయ్యి.

కోడలు: మేం గేజీ ఒక్కటే చూస్తాం.

మామ: ఆ గేజీకి పోయే సన్న గొట్టంలో కూడా అదే ముద్ద ఉంటే? సున్నా చూపిస్తా ఉంటుంది. బోల్టులు కూడా అన్నీ ఒకేసారి తీయొద్దు. నీకు అవతలి పక్కవి ముందు వదులు చెయ్యి. మిగిలిందేమన్నా ఉంటే అటు చిమ్ముతుంది, నీ మీదకు రాదు.

కోడలు: సరే. ఇప్పుడు దారాల్లో ఇంకిన ఎమీన్ సంగతి. కడగమంటావు, కదా?

మామ: డీఎం వాటర్‌తో, ఖనిజాలు తీసేసిన నీళ్ళతో. కొళాయి నీళ్ళు వద్దు, మన తిరుపతి నీళ్ళలో సున్నం చూస్తానే ఉండావు కదా, ఆ క్యాండిల్ మీద. గిన్నె నిండా నీళ్ళు పట్టి, మళ్ళీ నైట్రోజన్‌తో ముందుకే తొయ్యి.

కోడలు: అక్కడే నువ్వు దొరికిపోయావు. నాలుగొందల లీటర్ల నీళ్ళు లోపలికి తోస్తే ఎమీన్ పలచబడుతుంది. 45 పాళ్ళు ఉండాల్సింది తగ్గితే గ్యాస్ శుభ్రం కాదు.

మామ: కాచే టవర్ పైనుంచి రోజూ ఆవిరి పోతుంది కదా? ఆ నష్టానికి మీరు రోజూ నీళ్ళు పోస్తారు కదా? ఆ పోసే నీళ్ళనే ఫిల్టరు కడిగి పొయ్యి. వేరే నీళ్ళు ఎందుకు?

కోడలు: ఈ మాట బాగుంది. కానీ మాది చిన్న ప్లాంటు, అంత నీళ్ళు మాకు నాలుగైదు రోజులకు గానీ అక్కర్లేదు. ఇదిగో, నేను నీకు ఒకటి నేర్పిస్తా. అత్తా, బియ్యం ఎన్నిసార్లు కడుగుతావు? రెండుసార్లు. ఒకేసారి ఎక్కువ నీళ్ళు పోసి కడగొచ్చు కదా? కడగవు, ఎందుకంటే రెండుసార్లు కొంచెం కొంచెం పోస్తేనే శుభ్రం. గిన్నెలో 20 లీటర్ల ఎమీన్ అంటుకుని మిగిలిందనుకో. ఒకేసారి 100 లీటర్లతో కడిగితే ఆరో వంతు మిగులుతుంది. అదే 100 లీటర్లను యాభై, యాభై చేసి రెండుసార్లు కడిగితే పన్నెండో వంతే మిగులుతుంది. నీళ్ళు అంతే, ఫలితం రెట్టింపు. నీ పెద్ద ప్లాంటులో గిన్నె నిండా పట్టి కడిగారు, ఎందుకంటే నీళ్ళకు లెక్క లేదు.

మామ: ఇది మాకు ఎవరూ చెప్పలేదు.

కోడలు: మీ ఇంట్లోనే ఉంది మామా, రోజూ పొద్దున.

మామ: సరే, నాదీ ఒకటి ఉండాది. తీసిన కార్ట్రిడ్జులు యాడ పెడతారు?

కోడలు: గోనెసంచుల్లో వేసి షెడ్డు వెనక. లోడు అయ్యాక పంపుతాం.

మామ: ఎండలో?

కోడలు: ఎండలోనే.

మామ: ఆ నల్ల పొడి ఐరన్ సల్ఫైడ్. తడిగా ఉన్నంతసేపు సాధువు. ఆరిందంటే గాలికే రాజుకుంటుంది. నేను చూసినా ఒకసారి. మధ్యాహ్నం రెండు గంటలు, చెత్త పారేసే చోట ఒక సంచిలోనుంచి సన్నగా పొగ. బీడీ ఎవరు కాల్చినారని సూపర్‌వైజరు అరుస్తా ఉండాడు. ఎవరూ కాల్చలేదు. సంచి విప్పితే తెల్ల దారం చుట్టిన కార్ట్రిడ్జి, నడిమి దాకా నల్లగా, ఒకపక్క నిప్పు పురుగులా జరగతా ఉండాది. పక్కనే గ్యాస్ ప్లాంటు.

కోడలు: మా షెడ్డు వెనకే గ్యాస్ సిలిండర్ల కాస్కేడ్ ఉంది.

మామ: నేను చెప్పేదేముంది ఇంక.

కోడలు: నీళ్ళు చల్లి, మూత ఉన్న డ్రమ్ములో పెట్టాలి. తెలుసు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం తొంభై రోజులకు మించి దాచకూడదు, లేబుల్ అంటించాలి, ఎవరికి ఎంత పంపామో మేనిఫెస్ట్ రాయాలి. ఇది కూడా తెలుసు. ఇక్కడ నీ పద్ధతికి నేనే ఒక సాక్ష్యం ఇస్తా. వ్యర్థం తీసుకునేవాళ్ళు టన్నుకింత అని వసూలు చేస్తారు. విశాఖ పక్కన పరవాడ లాంటి చోటికి పోవాలంటే ఏడొందల కిలోమీటర్లకు పైగా లారీ బాడుగ. కడగని కార్ట్రిడ్జి బరువులో చాలా భాగం ఎమీనే. మందు కొన్న డబ్బు, అదే మందును పారేయడానికి మళ్ళీ డబ్బు.

మామ: ఇంత తెలిసినదానివి, కాలువలో ఎందుకు పోస్తావు?

కోడలు: ఎందుకంటే నాకు రెండో ఫిల్టరు లేదు మామా. నువ్వు ఒకటి కట్టేసి ఇంకోటి తెరిచి, తీరిగ్గా నాలుగు గంటలు పని చేసుకున్నావు. నేను ఫిల్టరు పక్కనుంచి బైపాస్ చేసి చేయాలి. ఆ సేపంతా వడకట్టని ద్రావణం టవర్‌లోకి పోతూ ఉంటుంది. నురగ వస్తే గ్యాస్ అమ్మకం ఆగుతుంది. బయట పంపు దగ్గర ఆటోలు లైను కడతాయి. మేనేజరు ఫోన్ చేస్తాడు, అయిందా, అయిందా అని. నీ పద్ధతిలో ఒక్క అడుగు కూడా తప్పు కాదు. కానీ దానికి గంటలు కావాలి, నా చేతిలో ఉన్నది నలభై నిమిషాలు.

మామ: బైపాస్‌లో నాలుగు గంటలు నడిస్తే టవర్‌కి ఏమవుతాదో ఎప్పుడన్నా చూసినావా? ఫిల్టరులో పోయేది పదో ఇరవయ్యో శాతమే అన్నావు. మిగతా ఎనభై రోజూ వడకట్టకుండానే పోతా ఉండాది కదా. నెలకోసారి నాలుగు గంటలకు నురగ రాదు. వచ్చేటట్టయితే మీ ఫిల్టరు ముందే చేతులెత్తేసిందని అర్థం.

కోడలు: అది... నేను ఆలోచించలేదు.

మామ: నలభై నిమిషాల తొందర టవర్‌ది కాదు, ఫోన్‌ది.

కోడలు: ఫోన్ మాటలు నువ్వు చెప్పినంత తేలికగా తీసెయ్యలేం. ఇంకో వైపు చూడు. రాష్ట్రంలో ఐదొందల బయోగ్యాస్ ప్లాంట్లు పెడతామంటున్నారు. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర మొదటి దానికి శంకుస్థాపన అయింది. మన తిరుపతి తడి చెత్తకు తూకివాకంలో ప్లాంటు ఉంది. ఒక్కోచోట ఒక్కో పద్ధతి, కొన్ని నీళ్ళతో కడుగుతాయి, కొన్ని మాలాగా ఎమీన్‌తో. ప్రతి ఊరి పక్కనా ఆరుగురు మనుషులతో నడిచే ప్లాంటు రాబోతోంది. వాటికి రిఫైనరీ పద్ధతులు పెడితే ఒక్కటీ నిలబడదు. అందుకే చిన్నవాటికి చిన్న పద్ధతి కావాలంటున్నా.

మామ: చిన్న పద్ధతి అంటే కాలువా? నగరం అనే ఊరు గుర్తుండాదా, కోనసీమలో? 2014 జూన్ 27, తెల్లారుజామున. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపినారు. నీళ్ళు తీసే యూనిట్ పెట్టలేదు. పైపు అడుగున నీళ్ళు నిలిచి లోపలినుంచి తినేసినాయి. గ్యాస్ లీకై అంటుకుని ఇరవై మందికి పైగా పోయినారు.

కోడలు: అది పైపులైను మామా. ఫిల్టరు కాదు.

మామ: అడుగున మిగిలిన నీళ్ళే రెండు చోట్లా. దాని సంగతి తర్వాత చూద్దాం అనుకున్నారు.

కోడలు: అయితే సంపు లేని చోట ఏం చేయమంటావు, అది చెప్పు. సంపు కట్టమనొద్దు.

మామ: ఒక ఐబీసీ ట్యాంకు, వెయ్యి లీటర్లది, ప్లాస్టిక్‌ది, చుట్టూ ఇనుప చట్రం ఉంటుంది. పాతది కొన్నా పర్వాలేదు, లోపల శుభ్రంగా ఉంటే చాలు. డ్రెయిన్‌కు గట్టి హోస్ పైపు, కొస ట్యాంకు మూతలోకి. మూతనుంచి ఒక వెంట్ గొట్టం, మనుషులు తిరగని ఎత్తుకు. కింద డ్రెయిన్ దగ్గర మనిషి కూచోడు, బకెట్ పట్టడు. అంతే నా సంపు.

కోడలు: ఆ ట్యాంకులోది తర్వాత సిస్టమ్‌లోకి తోస్తావు.

మామ: తోస్తా. ఒక రోజు నిలవ ఉంచి, పై తేటది.

కోడలు: నేను తోయను. ల్యాబుకు సాంపిల్ పంపి, ఎమీన్ బలం ఎంత, చెడిన ఉప్పులు ఎంత అని చూశాకే. నల్ల ముద్ద పోయినా, కంటికి కనబడని ఉప్పులు తేట నీళ్ళలోనే ఉంటాయి. తేటగా ఉందని మంచిదనుకోవడం, వాసన రాలేదని గ్యాస్ లేదనుకున్నట్టే. ఆ మాట చెప్పింది నువ్వే.

మామ: ల్యాబు బాగుండాదంటే?

కోడలు: అప్పుడు తోస్తా. బాగాలేదంటే ట్యాంకులోనే పెట్టి, కొద్దికొద్దిగా ఈటీపీకి. కొలిచి, రాసి. మేకప్ అని కాదు, ఫిల్టరు డ్రెయిన్ అని రాసి.

మామ: నా పద్ధతిలో అది తేటగా ఉంటే చాలు.

కోడలు: నీ పద్ధతిలో ఎమీన్ కొట్టు నిండా ఉండేది మామా. చెడితే మార్చేవాళ్ళు. మాకు ఉన్నదే సిస్టమ్‌లో తిరిగే ఒక్క చార్జి.

మామ: ఇక్కడ కుదరదులే మనకు.

కోడలు: కుదరక్కర్లేదు. ఆ స్పానరు ఇటివ్వు.

(కోడలు గిన్నె మళ్ళీ బిగించి నీళ్ళు పట్టింది. ఈసారి కొళాయి కట్టేసి, ఎర్ర బటన్ నొక్కింది. సన్నగా బుస్సుమని గాలి వచ్చి ఆగింది. కింద స్టీలు బేసిన్ పెట్టి, గిన్నె మెల్లగా తిప్పి దించి, ఒంచింది. నీళ్ళు అడుగున ఎర్రగా, పైన తేటగా ఉన్నాయి. అత్త తేటనీళ్ళు కరివేపాకు మొక్కకు పోయబోతే కోడలు ఆగమంది. బేసిన్ వెలుతురులో పెట్టి ఒక నిమిషం చూసింది. తర్వాత పోయమంది. మామ టీటీడీ క్యాలెండర్ వెనక తన ఐబీసీ ట్యాంకు బొమ్మ గీస్తూ కూచున్నాడు. వెంట్ గొట్టం ఎత్తు దగ్గర పెన్ను ఆపి, ఎన్నడుగులు అని అడగబోయాడు. కోడలు అప్పటికే ఫోన్‌లో ఉంది.)

కోడలు: (ఫోన్‌లో) రేపు పొద్దున ఫిల్టరు మూత విప్పొద్దు, నేను వచ్చేదాకా... ప్రెషరు తేడా ఎంతుంది? సున్నా పాయింట్ తొమ్మిదా? పర్వాలేదు, ఒక రోజు ఆగుతుంది... కాదు, కార్ట్రిడ్జులు వచ్చాయని నాకు తెలుసు. ముందు మూతున్న ట్యాంకు ఒకటి కావాలి. వెయ్యి లీటర్లది... ఎందుకేమిటి, నాలుగొందల లీటర్లు ఎక్కడ పోస్తావ్?